సవరణ: నల్ల లాబ్రడార్ జంటకు పసుపు పిల్ల పుట్టొచ్చు

లాబ్రడార్ రంగుల గురించి మొన్న రాస్తూ, తల్లీతండ్రీ రెండూ నల్లవైతే పసుపు పిల్ల పుట్టదని, పుడితే పెడిగ్రీ కాగితాన్ని, అంటే కుక్క వంశవివరాల పత్రాన్ని, అనుమానించాలని అన్నాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరైనా బ్రీడర్‌తో గొడవపడి ఉంటే ఇద్దరికీ నా క్షమాపణలు.

నేను ఒక్క జన్యువునే లెక్కలోకి తీసుకున్నాను. ఇక్కడ పనిచేసేవి రెండు. నలుపా, చాక్లెట్టా అన్నది ‘బి’ జన్యువు తేలుస్తుంది. ఆ రంగును వెంట్రుకల్లోకి రానివ్వాలా వద్దా అన్నది ‘ఇ’ జన్యువు చేతిలో ఉంటుంది. ‘ఇ’లో అణిగి ఉండే రూపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే, లోపల నలుపు ఉన్నా ఒళ్లంతా పసుపే. నల్ల కుక్క ఆ రూపాన్ని ఒక్కటే మోస్తుంటే పైకి ఏమీ తెలియదు, అలా తరాలు గడిచిపోవచ్చు. అలాంటివి రెండు జతకడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి పసుపు. 1899లో ఇంగ్లండ్‌లో పుట్టి, తొలి పసుపు లాబ్రడార్‌గా నమోదైన బెన్ ఆఫ్ హైడ్ తల్లిదండ్రులు కూడా నల్లవే!

పసుపు పిల్లను ఎత్తుకున్నప్పుడు కంటి రెప్పల అంచులు దగ్గరగా చూడండి. నల్లగా ఉంటే లోపల దాగింది నలుపు, గోధుమ రంగులో ఉంటే చాక్లెట్. ముక్కు రంగు చలికాలంలో వెలిసిపోతుంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి.

కాగితాన్ని అనుమానించాల్సింది రెండు పసుపు లాబ్రడార్లకు నల్ల పిల్ల పుట్టిందన్నప్పుడు. రెండు చాక్లెట్లకు నల్లది అన్నా అంతే. అప్పుడు డీఎన్‌ఏ పరీక్ష అడగండి.