ముందు సీటు మనిషి

జూన్ మొదటి వారంలో మా కారుకు ఒక గట్టి నమ్మకం ఏర్పడింది. నా పక్క సీట్లో ఎవరో కూర్చున్నారని, ఆ కూర్చున్నవారు బెల్టు పెట్టుకోలేదని. నిజానికి ఆ సీట్లో ఉన్నది కిందటి నెల కరెంటు బిల్లు. అయినా బండి 20 కిలోమీటర్ల వేగం దాటితే చాలు, ఎదురుగా ఎర్ర బొమ్మ వెలిగి టింగ్ టింగ్ మొదలయ్యేది.

2019 జూలై 1 నుంచి తయారైన కార్లలో ముందు సీట్లు రెండింటికీ ఈ హెచ్చరిక ఉండి తీరాలి. మాది 2020 బండి. ఒక్క ఏడాది ముందు కొనుంటే ఈ గోల ఉండేది కాదు కదా అని నేనంటే, ఆ ఏడాదంతా మీరు బేరమే కదా ఆడారు అంది మా ఆవిడ.

తిరుపతి ఊళ్ళో తిరిగినంతసేపు పెద్ద ఇబ్బంది లేదు. లీలామహల్ సర్కిల్ దగ్గర మా కారు 20 దాటిన దాఖలా ఇంతవరకూ లేదు. చిక్కంతా శనివారం కొండకు బయల్దేరినప్పుడు వచ్చింది.

స్టీరింగు దగ్గర నేను. వెనక అమ్మ, మా ఆవిడ. నాయన పోయి రెండేళ్ళయింది, అప్పటినుంచి అమ్మ ముందు సీట్లో కూర్చోదు. అలిపిరి తనిఖీ దాటి ఘాట్ ఎక్కగానే అమ్మ గోవింద నామాలు అందుకుంది, కారు టింగ్ టింగ్ అంటూ తాళం వెయ్యడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర వేగం తగ్గితే తాళం ఆగుతుంది, మలుపు దాటగానే మళ్ళీ మొదలు. పోనీ గబగబా వెళ్ళిపోదామంటే పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదని నియమం. ఆ 28 నిమిషాలూ వినాల్సిందే.

సగం దూరంలో అమ్మ నామాలు ఆపింది. "ఒరే, అది మీ నాయనేరా" అంది.

నేను ఉలిక్కిపడి పక్కకు చూశాను. కరెంటు బిల్లే ఉంది.

"ఆయన కూర్చునే సీటే కదా అది. ఆయన ఏ పొద్దూ బెల్టు పెట్టుకునే మనిషి కాదు. అందుకే మోగతా ఉండాది" అంది అమ్మ.

తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాయనకు బెల్టంటే మంట. "కొట్టంలో కట్టేసే ఎద్దునా నేను?" అనేవాడు. పోలీసు కనిపిస్తే మాత్రం దాన్ని ఛాతీ మీదికి లాగి చేత్తో పట్టుకునేవాడు, దాటగానే వదిలేసేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ కారు ఇలాగే మోగింది. అప్పుడు కారణం కనిపించేది, అంతే తేడా.

మా ఆవిడ తెలివైనది. వెనకనుంచి ముందుకు వంగి ఖాళీ సీటు బెల్టు లాగి టక్కున తగిలించింది. మోత ఆగింది. బెల్టు తగిలించే చోట ఒక స్విచ్ ఉంటుంది, దానికి మనిషితో పని లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండు మలుపులు దాటామో లేదో అమ్మ ముక్కు చీదడం వినిపించింది.

"బతికుండగా కట్టించుకోలేదు. ఇప్పుడు కట్టేస్తిరే ఆయన్ని."

బెల్టు తీసేశాం. మిగతా దారంతా టింగ్ టింగ్.

సోమవారం సర్వీసు సెంటరుకు వెళితే, టై కట్టుకున్న కుర్రాడు సీటు ముఖం కూడా చూడకుండా కంప్యూటరు చూసి, సెన్సరు విడిగా రాదు, కింద సీటు మొత్తం మార్చాలి, 18,000 అన్నాడు. ఆ డబ్బుకు ఆ సీట్లో నిజంగానే ఒక మనిషిని జీతానికి పెట్టుకుని బెల్టు కట్టించవచ్చు.

అక్కణ్ణుంచి రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన షెడ్డుకు పోయాను. మెకానిక్ స్టీరింగు కింద స్కానరు గుచ్చి చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"సీట్లో మనిషి ఉండాడు సార్."

నాకు నిజంగానే ఒళ్ళు జలదరించింది. తన దగ్గర పనిచేసే పిల్లవాణ్ణి కూర్చోబెట్టాడు. మనిషి ఉండాడు. దిగమన్నాడు. మనిషి ఉండాడు. సీటు గుడ్డ కింద పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుందట, మన బరువు పడితే అందులో రేకులు ఒకదానికొకటి అంటుకుని కరెంటు పారుతుంది, దాంతో ఎవరో కూర్చున్నారని కారు అనుకుంటుంది. బరువు లేకపోయినా పారుతోందంటే షీటు నలిగిపోయి ఉండాలి, లేదా వైరింగులో ఎక్కడో తడి చేరి ఉండాలి.

బ్యాటరీ వైరు తీసేసి, టీ తాగి రమ్మన్నాడు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, కరెంటు పూర్తిగా దిగాకే చెయ్యి పెట్టాలట. ఇద్దరం రెండేసి టీలు తాగాం. ఆ తర్వాత సీటు బోల్టులు విప్పి పైకెత్తి, టార్చి వేసి, పకపకా నవ్వాడు.

"ఒక మనిషి కాదు సార్, ఊరే ఉండాది. రాండి చూడండి."

చీమలు. సీటు పట్టా పక్కనుంచి బారులు తీరి సెన్సరు కనెక్టరులోకి పోతున్నాయి, వస్తున్నాయి. కనెక్టరు నిండా బంకబంకగా ఏదో ఎండిపోయి, పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. మెకానిక్ వేలితో తాకి వాసన చూశాడు. "మామిడిపండు రసం" అన్నాడు.

మేలో దామలచెరువు నుంచి తెచ్చిన బేనీషా మామిడిపండ్ల గంప గుర్తొచ్చింది. డిక్కీలో పెడితే పండ్లు ఉడికిపోతాయి, ముందు సీట్లో ఏసీలో పెట్టాలి అన్నది నాయన పెట్టిన రూలు. ఆ రోజు కూడా అలాగే పెట్టాను. మోగకుండా గంపకు బెల్టు కూడా కట్టాను. బెల్టు బిగింపుకు అడుగు పండ్లు నలిగాయి కాబోలు.

స్ప్రే కొట్టి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ స్కానరు పెట్టాడు. ఖాళీ. పిల్లవాడు కూర్చుంటే మనిషి, దిగితే ఖాళీ. 600 తీసుకున్నాడు. చీమల మందు నేనే కొనుక్కున్నాను.

ఇంటికొచ్చి అమ్మకు అంతా వివరంగా చెప్పాను. షీటు, రేకులు, చిలుము, చీమలు. "ఊఁ" అంది. ఆదివారం చంద్రగిరి దాకా కారు ఒక్కసారి కూడా మోగలేదు. అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు.

దామలచెరువులో నీలం మామిడిపండ్లు బేరమాడి ఒక గంప తీసుకున్నాం. నేను డిక్కీ తీసేలోపే అమ్మ దాన్ని ముందు సీట్లో పెట్టించింది. బెల్టు కట్టబోతే చెయ్యి పట్టుకుంది. ఊరు దాటాం, బండి 20 దాటింది.

టింగ్. టింగ్. టింగ్.

అమ్మ వెనక సీట్లో హాయిగా చేరగిలబడింది.

"వచ్చినాడ్రా" అంది.