పసుపు మాత్రల డబ్బాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ కర్క్యుమిన్ (పసుపులోని పచ్చరంగు పదార్థం) మాత్రల డబ్బా గారికి,

నర్సంపేట దగ్గరి మా ఊరి నుంచి, అంటే మీరు టీవీ పక్కన కొలువుదీరిన ఇంటి నుంచే, రాసుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమం. బాపు గోళ్లు తెల్లబడి లేస్తున్నాయి, అంతే.

మీరొచ్చిన నాటి నుంచి ఆయనకు ఎక్కడలేని ధైర్యం. పొద్దున్నే ఒక మాత్ర మింగి, పంపు వీపుకు తగిలించుకుని, పత్తి సాళ్ల మధ్య గడ్డి మందు కొట్టడానికి పోతాడు. గ్లౌజులు వేసుకోమంటే "లోపట కావలోడు ఉన్నడు గదరా" అంటాడు. బకెట్‌లో మందు చేత్తోనే కలుపుతాడు. సాయంత్రం చొక్కా విప్పితే పంపు కారినంత మేర వీపంతా తడి.

మీ గొప్ప కాదనను. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మా ఊరి సబ్‌స్టేషన్ లాంటిది. ఆయన కొట్టే గడ్డి మందు పారాక్వాట్, తీగలకు కొండ్లు తగిలించినట్టు కణంలోని ఎలక్ట్రాన్లను గుంజి ఆక్సిజన్‌కు అంటగడుతుంది. ఆ ఆక్సిజన్ సూపరాక్సైడ్ అనే విధ్వంసకారిగా మారి సబ్‌స్టేషన్‌కే నిప్పు పెడుతుంది. ఎలుకల్లో, గాజు పళ్లేల్లో పెంచిన కణాల్లో మీరు ఆ మంటను తగ్గించారు, కణం సొంత రక్షణ ఎంజైములనూ నిద్రలేపారు. శభాష్.

కాకపోతే మా బాపు ఎలుక కాదు. మీకేమో పేగు దాటడమే గగనం. దాటిన కాస్తనూ కాలేయం మార్చేసి సాగనంపుతుంది. మిరియాల్లోని పిపెరిన్‌ను తోడిస్తే మనుషుల రక్తంలో మీ హాజరు 2000 శాతం పెరిగిందని 1998లో తేల్చారు. ఘనమే! కానీ ఒంటరిగా వెళ్లినప్పుడు అదే రక్తంలో మీ జాడ దొరకడమే కష్టమైందట. నిజామాబాద్ యార్డులో పసుపు కొమ్ములో ఉన్నప్పుడు మీకు ఇంత టెక్కు లేదు. అప్పుడు కూర రంగు మారిస్తే చాలనుకునేవారు.

పైగా ఒంటి మీద 'సహజం' అని పెద్దక్షరాలు. రోటెనోన్ కూడా మొక్క వేళ్లలోంచి వచ్చిన సహజమైన పురుగుమందే. మైటోకాండ్రియాకు మొదటి గుమ్మంలోనే తాళం వేస్తుంది.

పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు మందు లేదని బాపుకు చెప్పాను. "మరి దీన్నెందుకు కొన్నవ్?" అని మీవైపు చూశాడు. కొన్నది నేనే. మీకు పెట్టిన డబ్బుతో గ్లౌజులు, కళ్లద్దాలు వచ్చి ఇంకా మిగిలేవి.

నిన్న మీ మూత కనబడలేదు. వెతుక్కుంటూ చేనుకు పోతే, బాపు దాంతోనే మందు కొలుస్తున్నాడు. ఇంటికొచ్చి, చొక్కాకు తుడిచి, మళ్లీ మీకే పెట్టాడు.

ఇట్లు,
మిమ్మల్ని కొనుక్కొచ్చినవాడు