గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ?

నిన్న సాయంత్రం నా కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటరు) కీబోర్డు తిరిగి చేతికి వచ్చింది. పెట్టె విప్పిన క్షణం నుంచి మనసు మనసులో లేదు. యూఎస్‌బీ ద్వారా నేటి కంప్యూటరుకు తగిలించుకునేలా సిద్ధం చేసి ఇమ్మని తెలిసిన ఒకాయనకు ఇచ్చాను. ఆయన సిద్ధం చేశారు, కాదనను. తగిలిస్తే అక్షరాలు పడుతున్నాయి. అయితే తీగల కట్ట చివర ఉండవలసిన కనెక్టరు మాత్రం లేదు. దాన్ని కత్తిరించి పారేసి, తీగల కొసలు ఒలిచి, చిన్న మైక్రోకంట్రోలరు బోర్డుకు (కీలను చదివి యూఎస్‌బీకి అందించే బుల్లి కంప్యూటరుకు) నేరుగా సోల్డరు చేసి, పైన గ్లూ గన్‌తో జిగురు పోశారు. ఫోను చేసి అడిగితే, "పని చేస్తోంది కదండీ, ఇంక ఆ పాత మిషనుకు దీన్ని ఎవరు పెడతారు?" అన్నారు. ఆ పాత మిషను నా బల్ల మీదే ఉంది. నేనే పెడతాను.

నాకు బాధ కలిగించేది ఆ కత్తిరింపు ఎంతమాత్రం అవసరం లేకపోవడమే. కమోడోర్ 64 కీబోర్డులో 66 కీలున్నాయి. వాటిలో షిఫ్ట్ లాక్ ఎడమ షిఫ్ట్ కీతో సమాంతరంగా కలిపినది, రెస్టోర్ కీ విడిగా నిలిచేది; మిగిలిన 64 కీలూ ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గీతల కూడళ్లలో కచ్చితంగా అమరిపోతాయి. అంటే 16 తీగలు, రెస్టోర్‌కు మరొకటి, దానికి జతగా గ్రౌండు. కనెక్టరు 20 స్థానాలది, స్థానాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే ఈ పని చేసే ప్రతివారి డబ్బాలోనూ దొర్లుతూ ఉండే మామూలు పిన్నుల పట్టీ కొలతే. ఆ పట్టీ ముక్క ఒకటి విరిచి అడాప్టరు బోర్డుకు సోల్డరు చేస్తే, కీబోర్డు కనెక్టరు దాని మీద తిన్నగా కూర్చుంటుంది. మళ్లీ పాత మిషనుకు కావాలంటే లాగి తీసుకోవడమే. ఇంతా చేస్తే ప్రో మైక్రో లాంటి చిన్న బోర్డులో ఉన్న 18 పిన్నుల్లో 17 సరిపోతాయి. ఆ కనెక్టరులో రెండో రంధ్రాన్ని మూసి ఉంచారు, ఎవరూ తలకిందులుగా పెట్టకూడదని. 1982లో దాన్ని తయారు చేసినవాళ్లు అంత జాగ్రత్త పడితే, ఈ రోజు మనం కత్తెర తీసుకుని దాని మీదికి వెళ్లడం ఏ పాటి మర్యాద?

పోనీ, కోసిన తరువాతైనా పని సక్రమంగా ఉందా అంటే, అదీ లేదు. ఎడమ షిఫ్ట్ పట్టుకుని ఏ, డీ అక్షరాలు వేగంగా కొడితే, నేను తాకని ఎక్స్ తెర మీద పడుతోంది. ఇది కీబోర్డు లోపం కాదు. ఆ గీతల కూడళ్లలో డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు) ఉండవు కనుక, ఒక దీర్ఘచతురస్రంలో మూడు మూలలు నొక్కినప్పుడు కరెంటు చుట్టు తిరిగి వచ్చి నాలుగో మూల కూడా నొక్కినట్టే చూపిస్తుంది. షిఫ్ట్, ఏ, డీ, ఎక్స్ అలాంటి నాలుగు మూలలు. కీబోర్డును చదివే ప్రోగ్రాము ఇలాంటి అనుమానాస్పదమైన నాలుగో కీని గుర్తించి పట్టించుకోకుండా ఉండాలి. ఇలాంటి బోర్డుల్లో కీబోర్డును చదవడానికి వాడే క్యూఎంకే అనే ప్రోగ్రాములో అందుకు ఒక సెట్టింగు కూడా ఉంది. దాన్ని పెట్టమని అడిగితే, "లోపలి బోర్డు ట్రాక్‌లు కోసి డయోడ్లు వేయమంటారా?" అని ఆయన ఎదురు అడిగారు. ఈసారీ కోయడమే తోచింది.

కీల మీద అచ్చయిన గుర్తుల సంగతి అంతకన్నా కష్టం. ఈ కీబోర్డులో షిఫ్ట్‌తో 2 నొక్కితే డబుల్ కోట్స్ రావాలి. నాకు ఎట్ గుర్తు వస్తోంది. కోలన్ కీతో షిఫ్ట్ కలిపితే స్క్వేర్ బ్రాకెట్ రావాలి, కానీ అమెరికన్ లేఅవుట్‌లో ఆ బ్రాకెట్‌కు షిఫ్ట్ అక్కర్లేదు కనుక, నా వేలు షిఫ్ట్ మీద ఉండగానే ప్రోగ్రాము ఆ షిఫ్ట్‌ను వదిలేసినట్టు కంప్యూటరుకు చెప్పి, బ్రాకెట్ పంపి, మళ్లీ షిఫ్ట్ పట్టుకున్నట్టు చెప్పాలి. ఓపిగ్గా కూర్చుని చేయవలసిన పని ఇదీ. ఇందులోనే పనితనం తెలుస్తుంది. దీన్ని వదిలేసి తీగలు కోయడంతోనే పని అయిపోయిందనుకుంటే, అది అమర్చడం ఎలా అవుతుంది?

కమోడోర్ కంపెనీదే మరో పాత కంప్యూటరు అమీగా 500 కీబోర్డు విషయంలోనైతే కోత అసలు అర్థం లేనిది. దాని లోపల సొంత ప్రాసెసరే ఉంది. గడియారానికి ఒక తీగ, సమాచారానికి ఒక తీగ చాలు. అది ఒక కీ కోడు పంపిన ప్రతిసారీ మనం సమాచారపు తీగను కనీసం 85 మైక్రోసెకన్లు కిందికి లాగి "అందింది" అని జవాబు చెప్పాలి. చెప్పకపోతే, సంబంధం తెగిందనుకుని తిరిగి కుదుర్చుకునే ప్రయత్నంలో పడుతుంది. నాలుగు వాక్యాల ప్రోగ్రాముతో మాట్లాడుకోగల దాన్ని కూడా లోపలి ప్రాసెసరు పెరికి గీతలకు నేరుగా తీగలు అతికించినవాళ్లను నేను చూశాను.

నిజం చెప్పాలంటే ఈ కోపం నిన్నటిది కాదు. కొన్నేళ్ల క్రితం మా అన్నయ్య భద్రంగా దాచుకున్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటరును, కీబోర్డును కొత్త కంప్యూటరుకు కలుపుతానని ఒకతను అడిగి తీసుకున్నాడు. అది పని చేస్తున్న మిషను. దానికి 40 కీలు, ఎనిమిది గీతలకు ఐదు గీతలు, మొత్తం 13 గీతలు రెండు పలుచని పట్టీలుగా వచ్చి మదర్‌బోర్డులో గుచ్చుకుంటాయి. ఏళ్లు గడిచిన ఆ పట్టీలు ఎండుటాకులాగా ఉంటాయి, వంచితే విరుగుతాయి. ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే. అతను లాగాడు, రెండూ చిట్లాయి. ఆ పట్టీలతో కలిసి ఉండే కొత్త మెంబ్రేన్లు (కీల కింది పలుచని పొరలు) ఇప్పటికీ తయారవుతున్నాయి, ఒకటి తెప్పించి వేస్తే సరిపోయేది. అతను మాత్రం ఎటూ కీబోర్డు పోయిందని మదర్‌బోర్డును కూడా తీసి పారేసి, ఖాళీ డొప్పలో నేటి చిన్న బోర్డు ఒకటి పెట్టి తెచ్చి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, బరువు తేడా తెలిసి, మాట్లాడకుండా అలమరలో పెట్టేశాడు. ఇప్పటిదాకా మళ్లీ తీయలేదు.

కమోడోర్ కంపెనీ 1994లోనే దివాలా తీసింది. ఆనాడు అది చేసిన కీబోర్డుల్లో ఒకటి కోస్తే ఒకటి తగ్గినట్టే. నాకు తెలుసు, మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి తీగలు తెగిన కీబోర్డు ఒకటైనా ఉండే ఉంటుంది.

రాత్రి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా వేసి ఆ జిగురు ఊడదీశాను. తీగలను ఒక్కొక్కటిగా విడదీసి, మల్టీమీటరుతో ఏది ఏ గీతదో గుర్తించి, కాగితం చీటీలు కట్టాను. కొత్త 20 స్థానాల కనెక్టరు తెప్పిస్తున్నాను. రెండో రంధ్రం నేనే మూస్తాను. రెస్టోర్ తీగను మాత్రం "అది అక్కర్లేదు" అని ఆయన మొదలంటా కోసేశారు, దానికి అతుకు వేయక తప్పదు.