పాము కాటుకు నాజా 200 చుక్కలా?

వానలు పడి పత్తి గింజలు పెట్టే రోజులొస్తే చాలు, మా నర్సంపేట వైపు ఫోన్లలో ఒక పాత మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. పాము కరిస్తే కాటుకు పైన తాడు బిగించాలట. సిరంజి కొన కోసి, ఆ గొట్టంతో రక్తం లాగేయాలట. నాజా 200 అనే హోమియో మందు పది నిమిషాలకో చుక్క చొప్పున మూడుసార్లు నాలుక మీద వేస్తే మనిషి బతుకుతాడట. అసలు పాము కాటుతో పోయేవాళ్లు ఎక్కువగా భయంతోనే పోతారట. ఈసారి మా ఇంటి గ్రూపులోకి పంపింది పెద్ద బావ. బావా, ఏమనుకోకు.

ముందు భయం సంగతి. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో చనిపోయినవాళ్లు దాదాపు 12 లక్షల మందని అంచనా. వాళ్లంతా పిరికివాళ్లా? రక్తపింజర విషం ధైర్యవంతుడి రక్తాన్నీ వదలదు. రక్తం గడ్డకట్టడానికి మన ఒంట్లో ఉండే ఫ్యాక్టర్లలో ఐదోదాన్నీ పదోదాన్నీ రెచ్చగొడుతుంది. ఎక్కడికక్కడ సన్నటి గడ్డలు కట్టి, అందుకు కావలసిన ఫైబ్రినోజెన్ కాస్తా ఖర్చయిపోతుంది. ఇక రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి కారుతుంది, మూత్రంలో పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

నేను కళ్లారా చూశాను. మా చిన్నాయనను వరి గట్టు మీద పింజర కరిచినప్పుడు, దవాఖానలో సిస్టర్ రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా కిటికీలో పెట్టింది. ఇరవై నిమిషాలయ్యాక వంచింది. మామూలుగా ఐతే ముద్దలా అంటుకుని ఉండాలి. నీళ్లలా జారింది. వెంటనే విరుగుడు ఎక్కించారు. ఆరు గంటల తర్వాత మళ్లీ తీసిన రక్తం గొట్టం వంచినా కదల్లేదు. అప్పటిదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని చిన్నమ్మ ఒక టీ తాగింది.

ఇలా గడ్డకట్టని రక్తం ఉన్న మనిషికి కాటు మీద గొట్టం పెట్టి రక్తం లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సిరంజితో లాగితే విషం వస్తుందా అంటే, 2004లో అమెరికాలో వాలంటీర్ల కాళ్లలోకి ఉత్తుత్తి విషం ఎక్కించి పంపుతో లాగి చూశారు. రక్తం వచ్చింది, విషం దాదాపు రాలేదు. తాడు ఇంకా చెడ్డది. పింజర విషం కరిచిన చోట కండను తినేస్తుంది. బిగించి కడితే అదంతా అక్కడే నిలుస్తుంది, రక్తం అందక కాలు కుళ్లుతుంది. చిన్నాయన పిక్కకు కట్టిన తువ్వాల మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక నాజా. నాజా అంటే నాగుపాము. దాని విషాన్ని నూరో వంతుకు పలచన చేస్తూ 200 సార్లు పోతే 200 అవుతుంది. పన్నెండు సార్లు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టం. మిగిలిందే అనుకుందాం, నాగుపాము విషం పింజర విషానికి విరుగుడెట్లా అవుతుంది? అసలు విరుగుడును గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలతో చేస్తారు. మన దగ్గర దొరికేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే.

"మా ఊళ్లో నాజాతో బతికాడు" అంటావు. బతికే ఉంటాడు. మన పాముల్లో చాలావాటికి విషం లేదు, విషమున్నది కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. పసరు పోసినా, మంత్రం వేసినా, ఊరికే కూర్చున్నా బతికేవాళ్లు వాళ్లు. ఆ మూడు చుక్కలకు పట్టే టైంలో అంబులెన్సు వరంగల్ దారిలో సగం దూరం పోతుంది.

గ్రూపులో పెట్టాలంటే ఇది పెట్టు బావా. ఉంగరాలు, పట్టీలు తీసేయాలి. కరిచిన కాలో చెయ్యో కదపనివ్వకుండా పడుకోబెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. కర్ర పట్టుకుని పాము కోసం పొదలు వెతకొద్దు. దాన్ని చంపి తెచ్చినా, తేకపోయినా ఎక్కించే మందు అదే.