క్యురసావ్‌ది అద్దె జట్టు అనడం అన్యాయం

లక్షన్నర జనాభా ఉన్న కరీబియన్ దీవి క్యురసావ్ 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు అర్హత సాధించిన దగ్గర్నుంచి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘అది అసలు దేశమే కాదు. నెదర్లాండ్స్ జట్టులో చోటు దొరకని వాళ్లను అద్దెకు తెచ్చుకుంది. అమెరికా, మెక్సికో, కెనడా పోటీలో లేవు కాబట్టి లక్కు కలిసొచ్చింది’ అని దాని సారాంశం. సగం నిజాలున్న మాట కాబట్టి జనం ఇట్టే నమ్ముతున్నారు.

క్యురసావ్ సార్వభౌమ దేశం కాదు, ఒప్పుకుంటాను. 2010 నుంచి నెదర్లాండ్స్ రాజ్యంలోనే సొంత పార్లమెంటు, సొంత ప్రధాని ఉన్న ప్రాంతం అది. స్కాట్లాండ్, వేల్స్ కూడా సార్వభౌమ దేశాలు కావు. వాటి జట్లను ఎవరూ ఇలా తీసిపారేయరు.

నన్ను బాగా బాధపెట్టింది ‘అద్దె’ అనే మాట. జట్టులో ఎక్కువమంది నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్లే. కొందరు డచ్ యూత్ జట్లకు ఆడారు కూడా. కానీ వాళ్ల కుటుంబాలు అక్కడికెలా వెళ్లాయో చూడాలి కదా. దశాబ్దాల పాటు ఆ దీవికి అన్నం పెట్టింది షెల్ కంపెనీ చమురు శుద్ధి కర్మాగారం. 1985లో షెల్ దాన్ని వదిలేసి వెళ్లిపోయింది. ఉపాధి కోసం ఎన్నో కుటుంబాలు నెదర్లాండ్స్ దారి పట్టాయి. దీవిలో పుట్టినవాళ్లదీ డచ్ పాస్‌పోర్టే, విడిగా క్యురసావ్ పౌరసత్వం అంటూ లేదు. కెప్టెన్ లియాండ్రో బకునా, తమ్ముడు జునిన్యో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పుట్టారు, మూలాలు మాత్రం క్యురసావ్‌వే. తహిత్ చాంగ్ అయితే దీవి రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లోనే పుట్టి, చిన్న వయసులో డచ్ క్లబ్ ఫెయెనూర్డ్ అకాడమీకి వెళ్లాడు. తల్లిదండ్రులో, తాతలో అమ్మమ్మలో పుట్టిన గడ్డకు ఆడొచ్చని ఫిఫా నిబంధనే చెబుతోంది. డాలస్‌లో పుట్టిన మన పిల్లల్ని పరాయివాళ్లంటే మనం ఊరుకుంటామా?

ఇక లక్కు విషయం. మూడు పెద్ద జట్లు ఆతిథ్య హోదాలో నేరుగా వెళ్లడం, టోర్నీ 48 జట్లకు పెరగడం కలిసొచ్చిన మాట వాస్తవం. ఆ అవకాశం కోస్టారికా, హోండురస్‌లకూ వచ్చింది, అవి వెళ్లలేకపోయాయి. క్యురసావ్ రెండో రౌండ్‌లో నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. హైతీని 5-1తో ఓడించింది. ఆ హైతీ కూడా తర్వాత వరల్డ్ కప్‌కు అర్హత సాధించింది. చివరి రౌండ్ గ్రూపులో జమైకా, ట్రినిడాడ్ ఉన్నాయి, రెండూ గతంలో వరల్డ్ కప్ ఆడినవే. అక్కడ మూడు గెలుపులు, మూడు డ్రాలు. ఒక్క ఓటమీ లేదు.

2025 నవంబర్ 18న కింగ్‌స్టన్‌లో జమైకాతో 0-0 డ్రా చూసినవాళ్లు లక్కు అనడంలో తప్పులేదు. జమైకా కొట్టిన బంతులు మూడుసార్లు గోల్‌పోస్టుకో బార్‌కో తగిలి వెనక్కొచ్చాయి. ఇంజురీ టైంలో పెనాల్టీ ఇచ్చిన రిఫరీ, వీఏఆర్ (వీడియో రీప్లే) మానిటర్ చూసి దాన్ని రద్దు చేశాడు. అయితే ఆ రాత్రి డ్రా ఎందుకు సరిపోయింది? అక్టోబర్‌లో అదే జమైకాను 2-0తో ఓడించారు కాబట్టి. గ్రూపు ముగిసేసరికి క్యురసావ్‌కు 12 పాయింట్లు, జమైకాకు 11.

రాత్రికి రాత్రి వచ్చిన జట్టూ కాదిది. 2017లో జమైకాను ఓడించి కరీబియన్ కప్ గెలిచింది. 2019లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ జట్ల టోర్నీ అయిన గోల్డ్ కప్‌లో క్వార్టర్ ఫైనల్ ఆడింది. అదే ఏడాది జూన్‌లో థాయిలాండ్ కింగ్స్ కప్‌లో మన భారత జట్టును 3-1తో ఓడించి, కప్పు కూడా పట్టుకెళ్లింది. మనకు ఛెత్రి పెనాల్టీ గోల్ ఒక్కటే మిగిలింది. వాళ్ల మూడు గోల్స్‌లో ఒకటి కొట్టింది ఈ లియాండ్రో బకునాయే.