చెప్పాననుకో!

రేడియోథెరపీ, అంటే క్యాన్సర్‌కి రేడియేషన్‌తో చేసే వైద్యం, చదివే విద్యార్థులకు రోగితో ఎలా మెలగాలో నేర్పే క్లాసొకటి చూసే భాగ్యం ఈమధ్య నాకు కలిగింది. రోగి స్థానంలో ప్లాస్టిక్ బొమ్మ. అసలు అది ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్తుందో కొలవడానికి పుట్టిన బొమ్మ. తల, మొండెం తప్ప కాళ్లూ చేతులూ లేవు. అడ్డంగా 2.5 సెంటీమీటర్ల మందం పలకలుగా విడదీసినా కిక్కురుమనదు. ఇంతగా సర్దుకుపోయే రోగి ఇంకెక్కడ దొరుకుతాడు చెప్పండి?

కుర్రాడొకడు వచ్చి బొమ్మ పక్కన నిలబడ్డాడు.

"మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి."

బొమ్మ చెప్పలేదు. మూల కుర్చీలోంచి సారే అందుకున్నారు. "చెప్పాననుకో."

"ఇవాళ ఎలా ఉన్నారండీ?"

"బాగున్నాననుకో."

"భయంగా ఉందా?"

"ఉందనుకో. తొందరగా కానియ్."

కుర్రాడు ధైర్యం చెప్పడానికి చెయ్యి పట్టుకోబోయాడు. చెయ్యి లేదు. గాల్లో ఒక క్షణం వెతికి, "మీ బాధ నాకు అర్థమైందండీ" అన్నాడు. టిక్కు పడింది, సానుభూతికి 2 మార్కులు. ఇక ఒళ్లు కనబడకుండా దుప్పటి కప్పి మర్యాద కాపాడాలి. దుప్పటి తేలేదు. "కప్పాననుకోండి సార్" అన్నాడు. చదువు వంటబట్టేసింది!

బొమ్మ సుగుణాలు ఇంకా ఉన్నాయి. మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉండాలని నీళ్లు తాగిస్తారు. ఈలోగా మెషిన్ మొరాయిస్తే మామూలు మనిషి మెలికలు తిరిగిపోతాడు. బొమ్మకు ఆ అవస్థ లేదు. దగ్గదు, ఏడవదు. "ఇంటికెళ్లి మనవరాలిని ఎత్తుకోవచ్చా? నా ఒంట్లోంచి దానికేమన్నా అంటుతుందా?" అని అడగదు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ రోగి ఒంట్లో మిగిలిపోదని కుర్రాడు పుస్తకంలో చదివే ఉంటాడు. కానీ ఆ ప్రశ్న అడిగిన మనిషి కళ్లలోకి చూసి చెప్పడం మాత్రం వాడికి ఎవరూ నేర్పలేదు.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 1963లోనే అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు, రోగిలా నటించేలా ఒక మనిషికి తర్ఫీదిచ్చి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. ఇదేం నాటకాల కంపెనీ అని అప్పట్లో వెక్కిరించినవాళ్లున్నారు. అలాంటి మనిషి మీద రేడియేషన్ ఆన్ చేయలేం, చర్మం మీద గుర్తుగా పచ్చబొట్టు చుక్కలు పెట్టలేం. నిజమే. కానీ పడుకోబెట్టొచ్చు, ఒంటిని లేజర్ గీతలకు సరిగ్గా జరపొచ్చు, మాట్లాడొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, అంతా అయ్యాక ఆ మనిషి లేచి కూర్చుని "బాబూ, నువ్వు స్క్రీన్ చూశావు గానీ ఒక్కసారైనా నా మొహం చూడలేదు" అని చెప్పగలడు.

బడ్జెట్ లేదట. పక్క గదిలో రేడియేషన్ ఇచ్చే మెషిన్, లీనియర్ యాక్సిలరేటర్, తళతళలాడుతోంది. దానికి ఉంది. గంటసేపు రోగిలా పడుకునే మనిషికి లేదు. "అయినా మేమంతా రోగుల మీద నేర్చుకున్నవాళ్లమే కదా" అన్నారు సార్, గర్వంగా.

రోగుల మీద. ఆ 'మీద' అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. తల, మెడ క్యాన్సర్ వచ్చిన మనిషికి ఏం చేస్తారో తెలుసు కదా? వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని మొహం మీదకి లాగి బల్లకి బిగిస్తారు. నిమిషాల్లో అది గట్టిపడి మాస్క్ అవుతుంది. ఆ తర్వాత వారానికి 5 రోజుల చొప్పున 35 సార్లు దాని కింద పడుకోవాల్సి రావచ్చు. తల కదలదు, నోరు సరిగ్గా తెరుచుకోదు. అందరూ బయటికి వెళ్లిపోతారు, మందపాటి తలుపు మూసుకుంటుంది. ఇక ఆ మనిషికి దిక్కల్లా కెమెరాలో తనని చూస్తున్నవాడు, మైకులో వాడి గొంతు. ఆ గొంతుకి అంతవరకూ ఊపిరి తీసే మనిషితో మాట్లాడిన అలవాటే లేదు! లోపల ఊపిరాడక చెయ్యి లేపితే వినిపించేది "కదలకండి". వాడినేమని ఏం లాభం? బొమ్మ ఎప్పుడైనా చెయ్యి లేపిందా? దానికి చెయ్యే లేదు కదండీ!

ఇంక ఉండబట్టలేక, "ఆ మాస్క్ కింద ఒక్క పది నిమిషాలు మీరే పడుకోండి సార్, పిల్లలకి రోగి దొరుకుతాడు" అన్నాను.

సార్ వాచీ చూసుకున్నారు.

"పడుకున్నాననుకోండి."