మైపాడు ఇసుకలో దొరికేది డైనోసార్ కాదు

ఈ మధ్య ఒకే వాట్సాప్ సందేశం నాకు నలుగురు పంపారు. నెల్లూరు తీరాన మైపాడు నుంచి రామాయపట్నం దాకా "సముద్ర డైనోసార్ల" ఎముకలు కొట్టుకొస్తున్నాయట. నాలుకకు ఆనిస్తే అంటుకునేది అసలైన శిలాజమట. ఇంగ్లండులో వీటిని ఏరుకుని కోటీశ్వరులయ్యారట. చీమకుర్తి క్వారీల్లో తీసే నల్లటి గెలాక్సీ రాయిలో మెరిసేవి ఆ జంతువుల పొలుసులేనట.

ముందు పేరు సంగతి. ఇక్తియోసార్, ప్లీసియోసార్, మోససార్ సముద్ర సరీసృపాలే గాని డైనోసార్లు కావు. మోససార్లయితే బల్లులకు, పాములకు చుట్టాలు.

సందేశంతో వచ్చిన ఫొటోలో పలకల్లా ఉన్నవి నాకు తాబేటి డిప్ప ముక్కలుగానే కనిపిస్తున్నాయి. ఏటా చలికాలంలో గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. సముద్ర సరీసృపమన్న మాట వరకు నిజమే, కాకపోతే మొన్నటిది! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది. శిలాజమనుకుని డిప్ప ముక్కను ఇంట్లో పెట్టుకుంటే కోట్లు రావు, కేసు వస్తుంది.

నాలుక పరీక్ష పూర్తిగా కట్టుకథ కాదు. సన్నటి రంధ్రాలున్న శిలాజ ఎముక తడిని పీల్చి అంటుకుంటుంది. కానీ ఎండిన పశువు ఎముకా అంటుకుంటుంది, కుండపెంకూ అంటుకుంటుంది. ఒడ్డున దొరికిన ఎముకను నాకడమెందుకో నాకు అర్థం కాదు.

ఇంగ్లండు కథ లైమ్ రీజిస్ అనే సముద్రతీర పట్టణానిది. అక్కడ జురాసిక్ కాలపు సున్నపురాయి, షేలు (బురద గట్టిపడి ఏర్పడ్డ పలకల రాయి) పొరల చరియలు తుఫానులకు విరిగిపడి ఎముకలు బయటపడతాయి. మైపాడులో విరిగిపడటానికి చరియ ఏది? ఉన్నదంతా నిన్నమొన్నటి ఇసుక. ఇక కోట్లంటారా, అక్కడ ఇక్తియోసార్‌ను వెలికితీసి పేరు తెచ్చుకున్న మేరీ ఆనింగ్ కుటుంబం 1820 నాటికి ఇంట్లో సామాను అమ్ముకునే స్థితికి వచ్చింది. థామస్ బర్చ్ అనే సేకర్త తన శిలాజాలను వేలం వేసి, వచ్చిన సుమారు 400 పౌండ్లు వాళ్ళకిచ్చాడు.

గెలాక్సీ రాయి భూగర్భంలో శిలాద్రవం చల్లబడి గట్టిపడినది, వంద కోట్ల ఏళ్ళు దాటినది. ఆ మెరుపు బ్రాంజైట్ ఖనిజానిది. ఆ కాలానికి పొలుసులున్న జీవే పుట్టలేదు.

ఇంత గోలలో అసలైన సరుకును ఎవరూ తలవలేదు. ఒంగోలు వైపు వేమవరం షేలు పొరల్లో ఆకుల అచ్చులతో పాటు అమ్మోనైట్లు, అంటే చుట్ట గుల్ల ఉన్న పాతకాలపు సముద్ర జీవుల శిలాజాలు, దొరికాయి. సాలగ్రామంలో కనిపించే చుట్ట ఈ జాతి జీవిదే. జురాసిక్ తర్వాతి క్రెటేషియస్ కాలపు ఆరంభంలో సముద్రం అక్కడిదాకా వచ్చిందనడానికి అవే సాక్ష్యం. ఇక్తియోసార్లు ఇంకా ఈదుతున్న కాలమది. కచ్ఛ్‌లోనూ, తమిళనాడులోని అరియలూరు వైపూ వాటి అవశేషాలు దొరికాయి. వేమవరం వైపు ఎముకలాంటిది కనిపిస్తే సుత్తితో పెళ్ళగించకండి. పక్కన స్కేలో, పెన్నో పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు రాయండి. ఏ పొరలో ఉందో తెలియని ఎముక వయసు తేల్చడం వాళ్ళకూ కష్టమే.